చెరువుకట్టపై రోలరు - తొందర తగదు

మాఘము దాటి చెరువులలో నీరు అడుగంటగానే మన ప్రాంతమున కట్టల పని మొదలగును. కల్లూరు, తల్లాడ, పెనుబల్లి, సత్తుపల్లి మండలములలో వేసవి నాలుగు నెలలును ఈ సందడి కనిపించుచుండును. ట్రాక్టర్లు మట్టిని తెచ్చి కుప్పలు పోయును. జేసీబీ వానిని చదును చేయును. ఆ వెనుక రోలరు వచ్చి మట్టిని అణచును. వానకారు పంట ఈ కట్టల గట్టిదనముపై ఆధారపడి యున్నది. కావున పని జరుగుట అందరికిని సంతోషమే.

అయితే ఆ పని జరుగు తీరును గూర్చి ఒక మాట చెప్పవలసి యున్నది. కట్టపై యంత్రమును తొందరతో నడిపినచో మనిషికి ప్రాణాపాయము కలుగును. కట్టను తొందరగా ముగించినచో దానికి బలము చాలదు. ఈ రెండును వేరువేరు సంగతులని మనము తలచుచున్నాము. మొదటిది డ్రైవరు చూచుకొనవలసినదనియు, రెండవది ఇంజనీరు చూచుకొనవలసినదనియు అనుకొనుచున్నాము. నా అభిప్రాయములో ఈ రెండును ఒక్కటే. మనిషిని కాపాడు పద్ధతియే కట్టను కూడ కాపాడును. మనిషిని చంపు తొందరయే రేపు కట్టను కూడ తెంచును. ఈ సంగతిని రైతులును, గ్రామాధికారులును గ్రహించిననాడు యంత్రమును అదుపులో నుంచుట కష్టము కాదు.

2024 సంవత్సరము చెప్పిన మాట

కట్ట తెగిన ఏమగునో మన జిల్లావారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలములో గుమ్మడవల్లి వద్ద పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడినది. దిగువనున్న తెలంగాణ, ఆంధ్ర గ్రామములు రెండును నష్టపోయినవి. పొలములలో ఇసుక మేటలు వేసినది. ఆ మరుసటి నెల చివర, సెప్టెంబరు 1వ తేదీ నాటికి, మున్నేరు పొంగి ఖమ్మము పట్టణమును ముంచినది. అదే వానలకు సూర్యాపేట జిల్లా నడిగూడెము మండలములో నాగార్జునసాగరు ఎడమ కాలువకు గండి పడినది. ఆ కాలువ నీరే కల్లూరు ప్రాంతపు మాగాణికి ప్రాణము. ఎక్కడో ఎగువన గట్టు తెగినచో ఇక్కడ నాటిన వరి ఎండును. అంతకు ముందు 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయి పలువురు ప్రాణములు కోల్పోయిరి.

ఇట్టి గండ్లన్నిటికిని మట్టి సరిగా అణచకపోవుటయే కారణమని అనుట న్యాయము కాదు. వరద కట్టపై నుండి పొర్లినప్పుడు ఎంత గట్టి మట్టికట్టయైనను కొంతసేపటికి కోసుకొనిపోవును. అలుగు చాలినంత లేనప్పుడు, తలుపులు లేవనప్పుడు రోలరు చేయగలిగినది లేదు. కాని గండి పడిన తరువాత దానిని పూడ్చునది మట్టియే. ఆ మట్టిని అణచునది యంత్రమే. పాత కట్టకును, క్రొత్తగా పోసిన మట్టికిని నడుమ అతుకు సరిగా కుదరకపోయినచో, మరుసటి ఏడు నీరు సన్నని దారము వలె ఆ సందున దూరి, మట్టిని కొద్దికొద్దిగా మోసుకొనిపోయి, లోపల బొరియ చేయును. అమెరికాలోని టీటన్ ఆనకట్ట 1976 జూన్ 5న తొలిసారి నీరు నింపుచుండగనే ఇట్లు లోపలినుండి తొలిచికొని తెగిపోయినది. అంత పెద్ద కట్టకు జరిగినది మన ఊరి కుంటకు జరుగదని చెప్పలేము.

దిమ్మిస నాటి పని, నేటి పని

మన పెద్దలు కట్టలు వేయుటలో నేర్పరులు. పాకాల, రామప్ప చెరువులు 13వ శతాబ్దము నాటివి. నేటికిని నిలిచి పొలములకు నీరిచ్చుచున్నవి. వడ్డెరలు మట్టిని తట్టలతో మోసి పలుచగా పరచి, నీరు చల్లి, దిమ్మిసలతో కొట్టెడివారు. కొన్నిచోట్ల పశువుల మందలను తోలి త్రొక్కించెడివారు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరు వద్ద కూడ వేలాది మంది కూలీలు చేతులతో పని చేసిరి.

పశువుల గిట్ట చేసిన పనినే యంత్రము నేడు చేయుచున్నది. 20వ శతాబ్దపు తొలి యేండ్లలో కాలిఫోర్నియాలో ఇనుప దొర్లుడు పీపాకు గొర్రె గిట్టల వంటి మేకులను బిగించి షీప్‌ఫుట్ రోలరును చేసిరి. ఆ మేకులు వదులు మట్టిలోనికి దిగి అడుగునుండి అణచుకొనుచు వచ్చును. పొర గట్టిపడిన కొలది మేకులు పైకి తేలును. మేకులు దిగుట మానినప్పుడు ఆ పొర పూర్తియైనదని మన కంటికే తెలియును. నల్లరేగడి, బంకమట్టి వంటి జిగటనేలలకు ఈ రోలరు తగినది. ఇసుక, మొరము కలిసిన మట్టికి నున్నని పీపా గల, అదరుచు నడచు రోలరు మేలు.

దిమ్మిసకును రోలరుకును ఒక గొప్ప భేదము కలదు. దిమ్మిస జారినచో కాలివ్రేలు నలుగును. నేడు కట్టపైకి వచ్చు వైబ్రేటరు రోలరు బరువు 10 టన్నులకు అటునిటుగా నుండును. దాని పీపా సెకనుకు సుమారు 30 సార్లు అదరును. అది గంటకు 4 కిలోమీటర్ల మెల్లని నడకతో వెనుకకు వచ్చుచున్నను సెకనుకు ఒక మీటరుకు పైగా దాటును. రెండు మీటర్ల దూరములో కాలుజారి పడినవాడు లేచుటకు రెండు సెకనుల వ్యవధియైనను ఉండదు. యంత్రము మెల్లగా పోవుచున్నదను ధైర్యమే ఇక్కడ ప్రమాదము.

అంచుననే అసలు పరీక్ష

కట్టపై జరుగు ప్రమాదములలో మిక్కిలి భయంకరమైనది రోలరు అంచు దాటి బోల్తాపడుట. కారణము సులభముగా తెలిసికొనవచ్చును. కట్ట నడుమ పోసిన మట్టికి రెండు ప్రక్కలను ఆధారము కలదు. అంచున నున్న మట్టికి ఒక ప్రక్క ఆధారము లేదు. 10 టన్నుల బరువు దానిపై నిలిచి అదరగానే ఆ మట్టి బయటి ప్రక్కకు జారును. పైకి చూచుటకు చదునుగానే యుండును; చక్రము దాటు క్షణమున క్రుంగిపోవును. అట్టి సమయమున క్రింద నిలిచి “ఇంకొంచెం అంచుకు పోనియ్‌రా, అక్కడ వదులుగా ఉన్నది” అని కేకవేయువారు ప్రతి ఊరిలోను ఉందురు. ఆ మాట వినరాదు.

అంచు వదులుగా నుండిపోయినచో కట్ట బలహీనపడదా యని రైతు అడుగుట సహజము. దానికి సమాధానము కలదు. కావలసిన వెడల్పు కంటె ప్రతి ప్రక్కను సుమారు ఒక మీటరు ఎక్కువ మట్టి పోసి అణచవలెను. రోలరు అంచునకు ఒక మీటరు ఇవతలనే తిరుగును. తరువాత ఆ ఎక్కువ మట్టిని చెక్కివేసి తర్వాతి పొరలోనో, ప్రక్క ముక్కలోనో వాడుకొనవచ్చును. ఇట్లు చేసినచో అసలు కట్ట అంచు వరకును రోలరు త్రొక్కిడి పడినదగును. రోలరు మాత్రము అంచునకు పోలేదు. అంత వెడల్పునకు చోటు లేని కట్టలపై అంచును చేతితో పట్టుకొని నడుపు చిన్న ర్యామరుతో పలుచని పొరలుగా కొట్టవలెను. కట్టకు కావలసినదియు, మనిషికి కావలసినదియు ఒకే పద్ధతిలో లభించుచున్నవి. ఈ పద్ధతి తప్పినవారు రెండింటిని పోగొట్టుకొందురు.

పొర మందము విషయమును కూడ ఇట్లే చూడవలెను. వదులు మట్టిని 22 నుండి 25 సెంటీమీటర్ల మందమున పరచినచో అణచిన పిమ్మట సుమారు 15 సెంటీమీటర్లగును. అనగా జానెడు మట్టి. తొందర గలవాడు ట్రాక్టరు కుప్పలను అట్లే నెట్టి మోకాలిలోతు పొరపై రోలరు నడుపును. పైన గట్టిపడును, అడుగు గుల్లగా మిగులును. అట్టి మెత్తని పొరపై రోలరు ఒక ప్రక్కకు ఒరుగును, దిగబడును. దానిని గుంజుటకు ట్రాక్టరుకు గొలుసు కట్టుదురు. ఆ గొలుసు తెగి ప్రక్కనున్నవానిని కొట్టును. తొందర వలన మిగిలిన గంట ఎచటికి పోయినదో చూడుడు.

నీరు లేనిదే బిగువు లేదు

మట్టి బిగియుటకు ఎంత తేమ కావలెనో 1933లో ప్రాక్టరను అమెరికా ఇంజనీరు లెక్కగట్టి చూపెను. తేమ తక్కువైనచో మట్టిగడ్డలు ఒకదానిపై ఒకటి ఒరసికొని, నడుమ ఖాళీలు మిగులును. తేమ ఎక్కువైనచో ఆ ఖాళీలను నీరే ఆక్రమించి మట్టి మెత్తబడును. ఈ రెంటికి నడుమ నున్న తేమలోనే మట్టి మిక్కిలి బిగియును. ఆ తేమ నల్లరేగడికి ఎక్కువగాను, ఎర్రచెలక మొరమునకు తక్కువగాను ఉండును. ప్రయోగశాలలో తేల్చిన గరిష్ఠ బిగువులో నూటికి 95 పాళ్ళకు తగ్గకుండ పొలములో సాధించవలెనని ఇంజనీర్లు సామాన్యముగా కోరుదురు. ముఖ్యమైన కట్టలకు ఇంకను ఎక్కువ కోరుదురు.

ఆ పరీక్షను ఇంజనీరు చేయును. రైతు చేయదగిన పరీక్ష ఒకటి కలదు. పిడికెడు మట్టిని తీసికొని గట్టిగా నొక్కుడు. ముద్ద కట్టక పొడి రాలినచో నీరు చాలదు. అరచేతికి తడి అంటి, ముద్ద సాగినచో నీరు ఎక్కువైనది. ముద్ద నిలిచి, నడుము ఎత్తునుండి నేలపై వదలినప్పుడు మూడు నాలుగు ముక్కలైనచో రోలరును పిలువవచ్చును. దుక్కి పదును చూచిన చేతికి ఈ పదును చూచుట క్రొత్త విద్య కాదు. పొలములో మట్టి గుల్లగా నుండవలెనని కోరు రైతే కట్టపై అదే మట్టి గట్టిపడవలెనని కోరును. రెండుచోట్లను పదునే ప్రధానము.

ఈ తేమకును భద్రతకును సంబంధమేమి? పొడిమట్టిపై రోలరు నడుపగా దుమ్ము లేచి డ్రైవరుకు వెనుకనున్న మనిషి కనబడడు. బురదపై నడుపగా నున్నని ఇనుప పీపా వాలున జారును, బ్రేకు పనిచేయదు. పదునైన మట్టిపై యంత్రము కుదురుగా నడచును. పదును చూచి పని ఆపగల చోట ప్రమాదము కూడ ఆగును.

యంత్రము నడుపువానికి

రోలరుపై నుండు ఇనుప చట్రము ఎండకు నీడ కొరకు పెట్టినది కాదు. యంత్రము బోల్తాపడినప్పుడు డ్రైవరు చుట్టు కొంత చోటు మిగుల్చుటయే దాని పని. అయితే నడుము పట్టీ కట్టుకొననివాడు బయటికి విసరబడి ఆ చట్రము క్రిందనే నలుగును. పట్టీయు చట్రమును కలిసినప్పుడే రక్షణ. ఒరుగుచున్న యంత్రమునుండి దూకుట కంటె పట్టీలో నుండి స్టీరింగును గట్టిగా పట్టుకొనుట మేలు. చట్రము లేని యంత్రమును ఎత్తైన కట్టపైకి రానీయకుండుటయే న్యాయము.

స్వీడను దేశము 1959లోనే క్రొత్త ట్రాక్టర్లకు ఇట్టి చట్రమును తప్పనిసరి చేసెను. అంతకు ముందు అచట లక్ష ట్రాక్టర్లకు ఏటా 17 మంది బోల్తా ప్రమాదములలో చనిపోవుచుండగా, 1990 నాటికి ఆ సంఖ్య 0.3కు పడిపోయినది. డ్రైవర్ల నేర్పు ఒక్కసారిగా పెరుగుట వలన ఇది జరుగలేదు. నేర్పరి కూడ ఒకనాడు తప్పు చేయునని తలచి, తప్పు చేసినను బ్రతుకునట్లు ఏర్పాటు చేయుట వలన జరిగినది.

కట్ట ఎక్కునప్పుడును దిగునప్పుడును నిటారుగా పోవలెను. వాలుకు అడ్డముగా నడుపరాదు, వాలున మలుపరాదు. దిగునప్పుడు చిన్న గేరులో నుండవలెను. డీజిలు ఆదాకు న్యూట్రలు చేయుట ప్రాణముతో బేరమాడుటయే. నిలిచియున్నప్పుడును, వాలునను, పాత తూము దగ్గరను అదురును ఆపివేయవలెను. పాత సున్నపుకట్టడపు తూము ఆ అదురునకు బీటలు వారును. ఆ బీట వెంటనే నీరు దారి చేసికొనును. తూము చుట్టును చేతి దిమ్మిసతోనో, చిన్న ర్యామరుతోనో మాత్రమే కొట్టవలెను.

డ్రైవరు ప్రక్కన, మడ్గార్డుపైన, ట్రాక్టరుకును వెనుక లాగు రోలరుకును నడుమనున్న కడ్డీపైన ఎవరిని ఎక్కనీయరాదు. కొన్ని రోలర్లు నడుమ కీలువద్ద వంగి మలుపు తిరుగును. ఆ సందులో నిలిచినవానిని డ్రైవరు చూడలేడు. డీజిలు పోయునప్పుడు ఇంజను ఆపవలెను. బీడీ దూరముగా నుంచవలెను. టిప్పరు తొట్టిని ఎత్తుటకు ముందు తలపై కరెంటు తీగ యున్నదా యని చూడవలెను.

చిన్న ర్యామరును చూచి చులకన చేయరాదు. దాని బరువు 60 నుండి 80 కిలోలుండును. నిమిషమునకు 600 దెబ్బలకు పైగా కొట్టును. చెప్పులతో దానిని నడుపువాడు పాదమును పణముగా పెట్టుచున్నాడు. గట్టి బూట్లుండవలెను. దినమంతయు ఒకరే నడిపినచో చేతివ్రేళ్ళు తిమ్మిరెక్కి, కొన్నాళ్ళకు పట్టు తప్పును. ఇద్దరు వంతులవారీగా నడుపవలెను.  చెవి కప్పులు పెట్టుకొనుట మంచిది. పెట్రోలు ర్యామరును లోతైన గోతిలోను, తూము గొట్టములోను నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. మనిషికి తెలియకుండగనే స్పృహ తప్పించును. స్పృహ తప్పినవానిని తీయుటకు దిగిన రెండవవాడును పడిపోవును.

చుట్టునున్నవారికి

యంత్రము నడుపువానికి కూర్చొనుటకు సీటైన కలదు. నీరు చల్లు ఆడకూలీలకు, గడ్డలు పగులగొట్టువారికి, వేళ్ళు ఏరివేయువారికి అదియు లేదు. వారు రోలరు వెనుకను, ముందును వంగి పని చేయుచుందురు. ఇంజను మ్రోతలో కేక వినబడదు. కావున రోలరు తిరుగు ముక్కలో మనిషి, మనిషి యున్న ముక్కలో రోలరు ఉండరాదు. కట్టను రెండు భాగములు చేసి, ఒకదానిలో మట్టి పరచుచు నీరు చల్లుచుండగా రెండవదానిలో రోలరు నడుపవలెను. ఇందువలన నీరు మట్టిలోనికి ఇంకుటకు కూడ వ్యవధి దొరకును.

మధ్యాహ్నపు సద్ది తిని రోలరు నీడన పడుకొనుట మన ప్రాంతమున అలవాటు. చైత్ర వైశాఖముల ఎండలో కట్టపై మరి నీడ యుండదు. అందుకే ఆ నీడ అంత ప్రమాదకరము. పని మొదలగుటకు ముందే తాటాకు పందిరి యొకటి వేసి, కుండలో నీరుంచినచో ఎవరును యంత్రము క్రిందికి పోరు. ఎండ ముదిరిన మూడు నాలుగు గంటలు పని ఆపుటయు మంచిదే. ఆ వేళ చల్లిన నీరు కూడ నిలువక ఆవిరైపోవును. ఉదయము పెందలకడ మొదలుపెట్టి, ఎండ దిగిన తరువాత మరల సాగించినచో కూలీకి వడదెబ్బ తప్పును, మట్టికి పదును నిలుచును.

వేసవిలో బడులకు సెలవులుండును. యంత్రమును చూచుటకు పిల్లలు వత్తురు. మేకలు, గొర్రెలు, గేదెలు మిగిలిన నీటికి అదే కట్ట మీదుగా దిగును. కట్ట రెండు చివరలను త్రాడు కట్టి, పశువులకు వేరు దారి చూపవలెను. రాత్రి వేళ రోలరును కట్టపై వదలరాదు. చదునైన చోట నిలిపి, చక్రములకు రాళ్ళు పెట్టి, తాళపుచెవి తీసికొనవలెను.

వినవచ్చు అభ్యంతరములు

“ఇది చిన్న పని, దీనికింత తతంగమేల?” అని కొందరందురు. చిన్న పనికి చిన్న రోలరు రాదు. పెద్ద పనికి వచ్చిన 10 టన్నుల రోలరే కుంటకట్టకును వచ్చును. పెద్ద కట్ట విశాలముగా నుండును. కుంటకట్ట ఇరుకుగా నుండును. కావున చిన్న పనిలోనే జాగ్రత్త ఎక్కువ కావలెను.

“డ్రైవరుకు పదేండ్ల అనుభవము కలదు” అని మరికొందరందురు. రోడ్డుపై పదేండ్లు నడిపిన అనుభవము వదులు కట్టపై కొంతవరకే పనికివచ్చును. రోడ్డు అంచు క్రుంగదు. క్రొత్త కట్ట అంచు క్రుంగును. అదియును గాక, గంటకింత అని అద్దె యిచ్చువాడు వెనుక నిలిచి తొందరపెట్టుచుండగా ఎంతటి అనుభవజ్ఞుడైనను లొంగిపోవచ్చును.

“ఖర్చెవరు భరింతురు?” అనునది మూడవ ప్రశ్న, ఇది న్యాయమైన ప్రశ్న. ఎక్కువ వెడల్పున మట్టి పోయుటకు, పలుచని పొరలకు, కాపలా మనిషికి కొంత అదనపు ఖర్చగుట నిజమే. కాని గండి పడిన కట్టను రెండవసారి పోయుటకు, ఒక పంట పోవుటకు, ఒక ఇంటి పెద్ద పోయినప్పుడు ఆ ఇల్లు పడు అవస్థకు వెల కట్టి చూడుడు. కల్లూరునుండి ఖమ్మము పెద్దాసుపత్రికి సుమారు 50 కిలోమీటర్లు. కనకగిరి గుట్టల అంచుననున్న పల్లెలకు మరింత దూరము. నడుము నలిగినవానికి ఆ దూరము చాల దీర్ఘమైనది.

గ్రామాధికారులు చేయదగినది

చట్టము ఈ విషయమున నిద్రించలేదు. 1996లో వచ్చిన నిర్మాణ కార్మికుల చట్టమే నీటిపారుదల పనులను, కరకట్టల పనులను నిర్మాణపు పనుల లెక్కలో చేర్చినది. అయినను మన కుంటకట్టపై చట్టమును చేతబట్టుకొని నిలుచువారు లేరు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ వంటి కార్యక్రమములలో వేలాది చెరువుల పని ఒక్కసారి సాగినప్పుడు ప్రతి కట్టవద్దను ఇంజనీరు దినమంతయు నిలుచుట సాధ్యము కాదు. ఊరిలో నుండువారే చూచుకొనవలెను. కావున నేను సూచించున దేమనగా:

1. పనిని వేసవి చివరి పదునైదు దినములకు నెట్టరాదు. చెరువు ఎండిన వెంటనే, ఫాల్గుణమునకే మొదలుపెట్టవలెను. మృగశిర ముంచుకొని వచ్చుచున్నదను భయమే రాత్రి పనికిని, మోకాలిలోతు పొరలకును కారణము.

2. అద్దెను గంటల చొప్పున గాని, ట్రాక్టరు ట్రిప్పుల చొప్పున గాని కట్టక, అణచి కొలిచిన పొరల చొప్పున కట్టవలెను. గంటకు కట్టిన గంట పెరుగును. ట్రిప్పుకు కట్టిన వదులు మట్టి పెరుగును. పొరకు కట్టిన కట్ట పెరుగును.

3. రోలరు తిరుగుచున్నంత సేపు చేతిలో ఎర్రగుడ్డ గల మనిషి యొకడు డ్రైవరుకు కనబడుచోట నిలువవలెను. అతనికి వేరే పని చెప్పరాదు. అతడు గుడ్డ ఎత్తిన యంత్రము ఆగవలెను. ఎందుకాపితివని ఎవరును గద్దించరాదు.

4. అంచునకు మీటరు ఇవతల ముగ్గుతోనైనను, త్రాటితోనైనను గీత గీయవలెను. ఆ గీత దాటిన రోలరుకు ఆనాటి అద్దె ఇయ్యరాదు.

5. పాత కట్టను మెట్లు మెట్లుగా చెక్కి, తడిపి, ఆ మెట్లపై క్రొత్త పొరలు వేయవలెను. ఏటవాలు పైననే మట్టి పోసినచో అది అతుకదు. రోలరుకు కూడ అచట నిలకడ యుండదు.

6. డ్రైవరు లైసెన్సును, యంత్రపు బ్రేకును, వెనుకకు వచ్చునప్పుడు మ్రోగు హారనును పని మొదటి దినముననే చూడవలెను. 108కు ఫోను చేసినప్పుడు కట్టకు దారి యెట్లో చెప్పగలవారు ఒకరు అచట నుండవలెను.

ఇందులో ఒక్కటియు గొప్ప యంత్రము కోరునది కాదు. పట్టణమునుండి తెప్పించవలసినది కాదు. సర్పంచియు, పంచాయతీ కార్యదర్శియు, ఆయకట్టు రైతులు నలుగురును ఒక సాయంకాలము కూర్చుండి వ్రాసికొని, యంత్రము యజమానిచే ముందుగా ఒప్పించుకొనిన చాలును. పని మొదలైన తరువాత చెప్పిన మాట వాదమగును. ముందు చెప్పిన మాట ఒప్పందమగును.

రైతు సోదరులకు నాదొక్క మనవి. రోలరు నడుపువాడు మన ఊరివాడు కాకపోవచ్చును. అతడు వేరొక జిల్లానుండియో, వేరొక రాష్ట్రమునుండియో వచ్చి, రెండు వారములలో మరియొక కట్టకు పోవును. కట్ట మాత్రము మనకు మిగులును. దాని క్రింద మన పొలము, మన ఇల్లు ఉండును. కావున డ్రైవరును తొందరపెట్టుట వలన అతనికి గాని మనకు గాని లాభము లేదు. పదును చాలనప్పుడు ఆగుమని, ఎండలో నీరు త్రాగుమని, అంచునకు పోవద్దని చెప్పువాడు ఆ ఊరి రైతే కావలెను. ఈ వేసవిలో పని పెట్టుకొనిన ప్రతి గ్రామమును ఈ ఆరు సూచనలను తమ కట్ట కొలతకు తగినట్లు సరిచూచుకొని అమలు జరుపునని ఆశించుచున్నాను.